ఈల పలికే సందు

చెంచమ్మ ఎంత ఊదినా గాలి తప్ప ఈల రాలేదు. మూడొందల బాతులూ పక్కవాళ్ల వరి కయ్యలో మేస్తున్నాయి. ఆ కయ్య మీదికి పురుగుమందు డ్రోను రావడానికి ఇంకా పావుగంటే ఉంది.

మనవరాలి పెళ్లి ఫోటో కోసం ఆమె పొద్దుటి నుంచి వంకర పళ్లను సరిచేసే తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి ఆరు మార్చింది. మధ్యాహ్నానికల్లా ఊళ్లో అందరిలాగే ఆమె పళ్లూ తిన్నగా అయ్యాయి. ముందుపళ్ల మధ్య ఈల పలికే సందు కాస్తా పూడిపోయింది.

మొగుడు పోలయ్య చప్పట్లు కొట్టాడు, కేకలేశాడు. ఒక్క బాతు తలెత్తి చూసి, మళ్లీ బురదలో ముక్కు పెట్టింది.

"నీ ఈల తప్ప ఇంకోటి ఇనవు మే అవి. ఆ మొదటి తొడుగేదీ? దాంట్లో నీ పాత పళ్ల అచ్చే ఉండాది గదా!"

ఆమె గబగబా తొడుగుల పెట్టెలోంచి అది తీసి తొడిగింది. పళ్లు జివ్వుమంటూ పాత చోటికి జరిగాయి. పది నిమిషాలకు ఈల మోగింది. డ్రోను వచ్చేసరికి కయ్యలో నాలుగు ఈకలు తప్ప ఏమీ లేవు.

మాటలొచ్చిన ఆ తొడుగుల పెట్టె మర్యాదగా అడిగింది. "అమ్మా, పళ్లు మళ్లీ వంకరపోయాయి. సరిచేయమంటారా?"

"ఫోటో కాడ ఓ పది నిమిషాలు చెయ్యి, చాలు," అంది చెంచమ్మ. "సాయంత్రం బాతుల్ని తోలేలోగా నా సందు నాకిచ్చెయ్యాల."