రాతి గుడిసెలో పసిపాప

నిద్రలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనన్నదే నీలవేణికి అన్నిటికన్నా పెద్ద భయం. చీరగుడ్డతో రొమ్ముకు కట్టుకున్న కూతురి ముక్కు కింద మాటిమాటికీ వేలు పెట్టి చూసుకుంటుంది.

వేల్స్ సముద్రతీరంలో, వేల ఏళ్లనాటి రాతి గుడిసెల పునాదుల దగ్గర, చూడవచ్చినవాళ్లకు పాతకాలాన్ని బొమ్మకట్టి చూపే కళ్లద్దాలు అందించడం ఆమె పని. అవి పెట్టుకుంటే గోడలు లేస్తాయి, పొయ్యిలు రాజుకుంటాయి, అప్పటి మనుషులు తిరుగుతారు. ఇప్పుడు ఏ పాతరాళ్ల దగ్గరైనా ఇదే తంతు.

ఆ రోజు జనం లేక తానూ పెట్టుకుంది. మూల గుడిసెలో తోలు కప్పుకున్న ఒక తల్లి, పడుకున్న పాప ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. నీలవేణి ఆ సంగతి పైకే అనేసింది.

"ఒలే, అది మిషను కట్టిన బొమ్మే," అన్నాడు పక్కనే గడ్డి కోస్తున్న భర్త పైడిరాజు.

"బొమ్మకి బెంగెందుకయ్యా మరి?"

ఆ తల్లి కుండ పట్టుకుని నీళ్లకు వెళ్లింది. నీలవేణి గబగబా వంగి పాప ముక్కు కింద వేలు పెట్టింది. చల్లటి సముద్రపు గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఆమె మొహం పాలిపోయింది.

పైడిరాజు నవ్వబోయి మానేశాడు. కొడవలి కింద పెట్టి తానూ అద్దాలు తగిలించుకున్నాడు.

"పొట్ట సూడవే, ఎలగ లెగిసి దిగతందో."

నిజమే. నీలవేణి కూడా అప్పుడే ఊపిరి వదిలింది.

రేపు ఆమెకు సెలవు. మీరు అటు వెళితే, ఆ మూల గుడిసెలోకి వంగి, పాప పొట్ట కదులుతోందో లేదో ఒక్కసారి చూడండి.