మూడో సీజన్ లొల్లి

"మూడో సీజన్ మంచిగుందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతది రాజేశం?" కనకవ్వ అరిచింది. "నా కొడుకు పొద్దటిసంది మెతుకు ముట్టలే!"

"నేనైతే అన!" రాజేశం అంతకంటే గట్టిగా అరిచాడు. "నచ్చనిదాన్ని నచ్చిందని ఎట్లంట అత్తా?"

ఒక సీరియల్ కోసం ఇంత లొల్లా అంటారా? అయితే మా బొగ్గుబావుల కాలనీలో 'గడప దాటని గౌరి' చేసిన ఆగం మీకు తెలియదన్నమాట. మొదటి రెండు సీజన్లలో గౌరి దయ్యమై అత్తింటి వాళ్లను ఒక్కొక్కరినే పీక్కుతిన్నది. కాలనీ అంతా టీవీలకు అతుక్కుపోయింది. మూడో సీజన్‌కు వచ్చేసరికి పగ లేదు, మంట లేదు, మంత్రగాడు లేడు. గౌరి వచ్చి గడపలో కూర్చుంది. మాటలు బందు పెట్టిన తమ్ముడు వచ్చి ఒక్కసారి పలకరిస్తే చాలని చూసింది. సీజన్ మొత్తం అంతే.

సగం మంది టీవీ మీద చెప్పులు విసిరారు. సగం మంది ఏడ్చారు. ఏడ్చిన వాళ్లకు పోశం పెద్ద. చెప్పులు విసిరిన వాళ్లకు అతని బామ్మర్ది రాజేశం పెద్ద.

ఆఖరి ఎపిసోడ్ మర్నాడు చాయ్ హోటల్ ముందే ఇద్దరూ గల్లాలు పట్టుకున్నారు.

"ఇంకోపారి మనసు పెట్టి చూడురా," అన్నాడు పోశం.

"సచ్చినా చూడ!"

"అయితే ఇను. నువ్వు ఒప్పుకునేదాక మీ ఇంటి బువ్వ ముట్ట."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. పక్కపక్క క్వార్టర్లలో ఉంటూ మొహాలు తిప్పుకుని తిరిగారు.

ఇవాళ సరిగ్గా ఆ బువ్వ దగ్గరే చిక్కొచ్చింది. ఈ పూట వంట పోశం భార్య అనసూర్య పుట్టింటి వంతు. అంటే అన్న రాజేశం ఇంటి నుంచి రావాల్సిందే. వచ్చింది. బోటి కూర, పచ్చిపులుసు, పక్కన బీడీల కట్ట. అన్నీ పోశానికి ఇష్టమైనవే.

పోశం ముట్టందే ఇంకెవరూ ముట్టకూడదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. జమ్మికుంట నుంచి వచ్చిన చుట్టాలు బస్సు పోతదని గొణుగుతున్నారు.

"అందరు మీదవడితే ఎట్ల తింటడు? జర దూరం జరుగుండ్రి!" కనకవ్వ కసిరింది.

అందరూ జరిగారు. లాభం లేకపోయింది.

అనసూర్య చేతులు జోడించింది. "బిడ్డను నర్సింగ్ చదువు మాన్పియ్య. కొండగట్టు అంజన్న మీద ఒట్టు. ఇగనన్న తినయ్యా!"

పోశం నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చదువు కాదు, ఏం కాదు. వాడు రాజేశం మాట కోసమే ఆగిండు," అంది కనకవ్వ. "నా కొడుకు మొండితనం నాకెర్క లేదా?"

"ఉత్తగనే అనెయ్ రాదయ్యా, మా పరేషాన్ తప్పుతది," అన్నాడొక చుట్టం.

"ఉత్త మాటకు వాడు మోసపోడు," అంది కనకవ్వ.

రాజేశానికి తిక్క రేగింది. విసవిసా నడిచి పోశం ఎదురుగా నిలబడ్డాడు. పోశం మొహంలో ఎప్పటి సగం నవ్వే. చాయ్ హోటల్ దగ్గర ఒళ్లు మండించిన నవ్వు.

"నవ్వకు బావా! నాకు కాలుతది! చూసిన. నువ్వన్నట్టే మొన్నటిసంది కూసొని మళ్ల మొత్తం చూసిన. గదేం కథ? దయ్యమన్నంక భయపెట్టాలె. గా గౌరి గడపల కూసొని బియ్యం ఏరుతది! తమ్ముడొస్తే పీక పిసకాలె గని, తిట్లు తింటదా? వాడేమన్న కాళ్ల మీద పడిండా? తప్పయిందన్నడా? గడప ముంగట నిలవడి నోటికొచ్చినట్టు తిట్టిండు. నిన్నెవలు ఆగమన్నరే అని తిట్టిండు. తిట్టుకుంట, తిట్టుకుంట..."

రాజేశం చేతులు వణుకుతున్నాయి. సీరియల్‌లో ఆ తమ్ముడి చేతులూ ఇట్లాగే వణికాయి. వాడికి యాక్టింగ్ రాదని చాయ్ హోటల్లో అందరి ముందూ ఎగతాళి చేసింది రాజేశమే.



"సరే తియ్!" రాజేశం ఒక్కసారిగా అరిచాడు. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "గదే మంచిగుంది! మొదటి రెండు ఉత్త లొల్లి. మూడో సీజనే అసలు సీజన్. నువ్వే గెలిచినవ్. ఇగ సాలా? తిను బావా!"

పొద్దుటి నుంచి క్వార్టర్ రేకుల మీద మెడ తిప్పుకుని కూర్చున్న కాకి కిందికి దిగి, దండ వేసిన పోశం ఫొటో ముందున్న విస్తరిలోంచి బోటి ముక్క ఎత్తుకుపోయింది.