ముప్పై ఎనిమిది

"ఖాలా, ఈరోజు జ్వరమెంత?"

"ముప్పై ఎనిమిది, బేటీ."

పదిహేడు రోజులుగా ఇదే జవాబు. ఇక్కడి సెల్సియస్‌లో ముప్పై ఎనిమిదంటే, మన లెక్కలో నూరు దాటిన జ్వరం. సిడ్నీ లాక్‌డౌన్‌లో కోవిడ్ వచ్చిన అఫ్ఘాన్ ఇళ్లకు రోజూ ఫోన్ చేసి, కావలసిన సరుకులు, మందులు గుమ్మం దగ్గర పెట్టించే బృందంలో నేనూ ఉన్నాను. హైదరాబాద్ అమ్మాయిని, హిందీ వచ్చు. అందుకే మెర్రీలాండ్స్‌లో ఒంటరిగా ఉండే, హిందీ తెలిసిన జర్మీనా ఖాలా ఒక్కర్నే నాకు అప్పగించారు; ఖాలా అంటే పిన్ని.

ఇన్నాళ్లయినా జ్వరం దిగకపోయేసరికి భయమేసి, మా బృందంలోని నర్సు ఆంటీని పంపించాను.

ఆంటీ నవ్వుతూ ఫోన్ చేసింది. "ఏం పిల్లవే నువ్వు! ఆవిడ శుభ్రంగా ఉంది. అసలు ఆ ఇంట్లో థర్మామీటరే లేదు. లిస్టులోంచి పేరు కొట్టెయ్."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు నాలుగింటికి, గట్టిగా అడిగేద్దామనే ఫోన్ చేశాను.

నేను నోరు తెరవకముందే, "ముప్పై ఎనిమిది, బేటీ," అంది గబగబా. వెంటనే చిన్న గొంతుతో, "తగ్గిందంటే ఇక ఫోన్ చెయ్యవు కదూ?" అంది.

గిరావీన్‌లో నా అద్దె గది చుట్టూ చూశాను. యూనివర్సిటీ క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోనే, అదీ మ్యూట్‌లో. పొద్దుట్నుంచి నేను ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదు. నిన్న కూడా ఖాలాతో, ఆంటీతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

"బేటీ, గొంతేంటి అలా ఉంది? నీక్కూడా జ్వరమొచ్చిందా?"

"వచ్చింది ఖాలా. రేపు మీరే ఫోన్ చేసి కనుక్కుంటారా?"

"అయ్యో, చేస్తాను. ఇప్పుడెంతుంది?"

నా గదిలోనూ థర్మామీటరు లేదు.

"ముప్పై ఎనిమిది," అన్నాను.