ఇరవై నాలుగు టైర్లు

“ఈ బండి ఇవాళ నడపొద్దు.”

వెల్డరు తలెత్తి చూశాడు. మాసిన చొక్కాతో ఎవరో ముసలాయన.

జాతరలో పిల్లలు ఎక్కే ఇనప బండి పట్టాల మీద సిద్ధంగా ఉంది. దూసుకుపోయి చివర టైర్ల గుట్టను గుద్ది ఆగడమే అందులో సరదా. ముందు సీట్లో వెల్డరు కూతురు కూర్చుంది. తను కట్టిన బండిలో తన బిడ్డ ఎక్కాకే ఇంకొకరి బిడ్డ ఎక్కాలని అతని పట్టుదల.

“ఏం పెద్దాయనా, టికెట్టు దొరకలేదా?”

“మోటారు మార్చారటగా. వేగం ఎంత పెరిగింది?”

“పదిహేనులో పోయేది ముప్పైలో పోతుంది. రెండింతలు.”

“మరి టైర్లు?”

“పన్నెండుండేవి, ఇరవై నాలుగు పెట్టా. రెండో ఎక్కం మాకూ వచ్చులే!”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

“వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుంది బాబూ. ఆ టైర్లు ఆపలేవు. వెనక కంచె కూడా ఆపలేదు.”

“రెండింతలు నాలుగింతలెలా అవుతుంది? పొద్దున్నే ఏమన్నా పుచ్చుకున్నావా?”

“నాన్నా, నిజమా?” కూతురు అడిగింది.

వెల్డరు లోపల ఎక్కడో భయం కదిలింది. దాన్ని అతను కోపమనుకున్నాడు.

“పాపని దించండ్రా! ఇసక మూటలు ఎక్కించండి. మూటలు ఆగాయనుకో, పెద్దాయనా, అందరి ముందూ తప్పయిందని చెప్పాలి నువ్వు.”

ముసలాయన అక్కడ లేడు. అప్పటికే కంచె అవతలికి పరుగెత్తాడు. వరస తోకంతా అక్కడే ఉంది, సరిగ్గా పట్టాలకు ఎదురుగా.

“జరగండి! జరగండమ్మా, మీకే చెప్పేది!”

“మతి లేనట్టుంది పాపం,” అనుకుంటూనే జనం జరిగారు.

ఆ అరుపులు వింటూనే వెల్డరు మీట నొక్కాడు.

టైర్లు బంతుల్లా ఎగిరిపోయాయి. కంచె కాగితంలా చిరిగింది. మూటలతో సహా బండి అవతలికి దూకింది.

చివరి మనిషిని పక్కకు నెట్టిన ముసలాయన మాత్రం తప్పుకోలేకపోయాడు.

చిరిగిన మూటల్లోంచి ఇసక జారుతున్న చప్పుడు వినిపించింది. వెల్డరు ఇసక ఉన్న సీటునే చూస్తూ, పక్కనే నిలబడ్డ కూతురి తల తడిమాడు. మళ్లీ తడిమాడు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో ముసలాయన భార్య ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. లోపల అంతా అయిపోయింది.

వెల్డరు ఆమె ముందు కూలబడ్డాడు.

“ఇంజనీరుగారని తెలిసుంటే వినేవాణ్ణమ్మా.”

“ఇంజనీరా?” ఆమె తల అడ్డంగా ఊపింది. “వెల్డింగు పనే బాబూ. చదువు లేదు. ఆ లెక్కొక్కటీ తర్వాత నేర్చుకున్నారు.”

“దేని తర్వాత?”



“ఇలాంటి బండే ఒకటి కట్టారు. మా పాప ఒక్కసారే ఎక్కింది.”