హోరులో చెప్పిన మాట

"మా అమ్మాయి బ్యాంకులో ఆఫీసరండీ!"

టిక్కెట్లు చింపే అతను అడగనైనా లేదు. అయినా తండ్రి చెప్పేశాడు. పక్కనున్న కూతురు పిచ్చుక తల దించుకుంది. ఇంట్లో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. బట్టల మిల్లులో మగ్గాల మేస్త్రీగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషికి కూతురి ఉద్యోగం సంగతి పదిమందికీ చెప్పకపోతే తిన్నది అరగదు. పార్కు గేటు దాటి పట్టుమని పదడుగులు వేయకముందే ఐస్‌క్రీం బండివాడికీ, సెల్ఫీ తీసుకుంటున్న కొత్త జంటకూ, కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయనకూ ఆ వార్త అందిపోయింది.

తల్లి వెనకనుంచి కూతురి మోచెయ్యి గిల్లింది. "ఇవాళ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తానమ్మా."

"వారం నుంచీ ఇదే పాట. రాజీనామా ఇచ్చినప్పుడున్న ధైర్యం ఇప్పుడేమైందే?"

బ్యాంకు మేనేజరు ముందు కాగితం పెట్టడం తేలికే. ఊరంతా డప్పు కొట్టుకుంటున్న నాన్న చేతిలోంచి ఆ డప్పు లాక్కోవడమే కష్టం. పోనీ, మానేసింది ఇంకో పెద్ద ఉద్యోగం కోసమా అంటే అదీ కాదు. సోమవారం నుంచి ఆమె ఇదే పార్కులో గైడు. వచ్చినవాళ్ళను నది ఒడ్డు బాటల వెంట నడిపించి, జలపాతాలు చూపించే పని. ఆ పని తలుచుకుంటే ఆమెకు గెంతాలనిపిస్తుంది. నాన్న ముఖం తలుచుకుంటే ఆ గెంతు అక్కడే ఆగిపోతుంది.

మోకాళ్ళ నొప్పులంటూ తల్లి కిందనే ఒక బల్ల మీద కూలబడింది. తండ్రీ కూతుళ్ళు పైబాట పట్టారు. తండ్రి హుషారు చూడాలి! చెక్క వంతెన మధ్యలో ఆగి, అది ఊగుతుందో లేదో అని రెండుసార్లు గెంతి చూశాడు. చిన్న జలపాతం దగ్గర దోసిట్లో నీళ్ళు పట్టి కూతురి నెత్తిన పోశాడు. ఎదురొచ్చిన వాళ్ళకు దారి ఇస్తూ "మా అమ్మాయి బ్యాంకులో..." అని అందుకోబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పెద్ద జలపాతం దగ్గరికి చేరేసరికి చెవులు గింగురుమన్నాయి. అంత ఎత్తు నుంచి నీళ్ళు దబదబా పడుతున్నాయి, తుంపర ముఖాల మీదికి ఎగజిమ్ముతోంది. "ఆహా" అన్నాడో, "అమ్మో" అన్నాడో, తండ్రి నోరు తెరవడం కనిపించింది గానీ మాట వినిపించలేదు.

అప్పుడు వెలిగింది ఆమె బుర్ర. ఇక్కడ చెప్పేస్తే? చెప్పినట్టూ అవుతుంది, చీవాట్లు తినే పనీ ఉండదు. అమ్మకిచ్చిన మాటా దక్కుతుంది.

తండ్రికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు ఏమాత్రం పెంచకుండా మొదలుపెట్టింది.

"నాన్నా, నేను బ్యాంకు మానేశాను. ఆ అద్దాల గదిలో నాకు ఊపిరాడటం లేదు. సోమవారం నుంచి ఈ పార్కులో గైడుని. జీతం తక్కువే. అయినా నాకు ఇదే ఇష్టం. నువ్వు నలుగురిలో చిన్నబోతావేమోనని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

అక్కడితో ఆగాల్సింది. గుండెలో బరువు దిగుతుంటే నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

"ఇంకో మాట. కనపడ్డ ప్రతివాళ్ళ దగ్గరా నా గురించి డప్పు కొట్టడం మానెయ్. సిగ్గుతో చచ్చిపోతున్నాను!"

తండ్రి రెప్ప వాల్చకుండా ఆమె ముఖంలోకే చూశాడు. ఆ తర్వాత చెవి చూపించి, వినపడటం లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. నవ్వి, భుజం తట్టి, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.

పిచ్చుక దాదాపు ఎగురుకుంటూ కిందికి దిగింది. తండ్రి ఇంకా మలుపులోనే ఉన్నాడు.

"చెప్పేశానమ్మా!"

"నిజంగా? ఎక్కడ?"

"పెద్ద జలపాతం దగ్గర. ఎదురుగా నిలబడి మరీ చెప్పాను."

తల్లి ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఎందుకే నవ్వుతావు?"

"ఏం లేదు తల్లీ. పద, బస్సు వచ్చే వేళయింది."

బస్టాపులో చంకలో పిల్లాడితో ఒకావిడ నిలబడి ఉంది. తండ్రి గొంతు సవరించుకున్నాడు. పిచ్చుక గట్టిగా కళ్ళు మూసుకుంది.

"మా అమ్మాయి ఈ పార్కులో గైడండీ! సోమవారం నుంచే. ఈసారి వస్తే తననే అడగండి, ఈ బాటలన్నీ తనకి కొట్టిన పిండి."

ఆమె కళ్ళు తెరిచింది. కళ్ళతోపాటు నోరూ తెరుచుకుంది. "నాన్నా! వినపడలేదన్నావు కదా?"

"వినపడలేదు నిజమే. మిల్లులో ఆ మగ్గాల మోతకి మాకెప్పుడు వినపడింది గనక? ఎదుటివాళ్ళ పెదాలు చూసే కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం. నువ్వు సంతోషంగా ఉంటే నేనెందుకు చిన్నబోతానే, పిచ్చి మొహమా! అన్నీ ఒప్పుకున్నాను గానీ, డప్పు మానెయ్యమన్నావు చూడు... అదొక్కటీ నా వల్ల కాదు!"