హిమవ్వ ఉండాలా, పోవాలా?

"హిమవ్వని సంపీకమ్మా, నీకు దణ్ణవెడతాను!"

ఫ్యాన్సీ షాపులో గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళూ ఉలిక్కిపడి గుమ్మం వైపు తిరిగారు. అక్కడ అరవయ్యేళ్ళ మనిషి, మెడలో తువ్వాలు వేసుకుని, నిజంగానే చేతులు జోడించి నిలబడ్డాడు. కౌంటర్ వెనక ఉన్న దేవిశ్రీ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకాలుమని నవ్వింది.

"అయ్యో, మనిషి కాదండీ! నేను ఫోన్లో రాసే కథలో మంత్రగత్తె" అని ఆడవాళ్ళకి సర్దిచెప్పింది. వాళ్ళు నమ్మారో లేదోగానీ గాజులు కొనకుండానే జారుకున్నారు. మంచి బేరం పోయింది.

చోడవరంలో గాజులమ్ముకుంటూ డ్రాగన్లని పెంచే పిల్ల ఈ దేవిశ్రీ ఒక్కతే. కథల యాప్‌లో వారం వారం ఒక భాగం పెడుతుంది. చదివే ఓపిక లేనివాళ్ళకి యాప్ వినిపిస్తుంది కూడా. హిమవ్వ ఉండాలా, పోవాలా అని నిన్ననే పాఠకులని అడిగింది. అడగడమే ఆలస్యం, పోవాలి పోవాలని ఎగబడ్డారు జనం. ఇప్పుడు ఫ్యాంటసీ అంటే అదే మరి. కథంతా చీకటిగా ఉండాలి, మనకి నచ్చినవాళ్ళు చచ్చిపోవాలి, మనం కుళ్ళికుళ్ళి ఏడవాలి. ఏం సరదాయో ఏమో!

"నేనని ఎలా తెలిసింది బాబాయ్?"

"యాప్‌లో మీ ఊరి పేరేసున్నాది గదమ్మా. కథలు రాసే గుంట ఎవులని అడిగితే సోడా బండోడు సూపించేడు. నా పేరు గణపతిరావు. మాది రోలుగుంట దగ్గిర. సెరుకేస్తాం."

"మీరు ఫ్యాంటసీ చదువుతారా!"

"సదవను, ఇంటాను. మాయావిడ అచ్చియ్యమ్మ అలవాటు సేసింది. ఇశాపట్నం ఆసుపత్రికి బస్సులో ఎల్లినప్పుడల్లా ఇయర్‌ఫోన్ దానికోటి, నాకోటి. నాకు డ్రాగన్లంటే ఇష్టవమ్మా, మా ఎడ్లకన్నా మాటింటాయి. దానికి గిట్టవు. రెక్కలున్న తొండలంటాది. యువరాణి పేమ వొచ్చిందంటే సాలు, ముందుకి జరిపీమంటాది. దానికి హిమవ్వ ఒక్కర్తే కావాల."

దేవిశ్రీ మొహం చిన్నబోయింది. ఆ ప్రేమ ఘట్టాల కోసం ఎంత తల బద్దలు కొట్టుకుందో ఆమెకే తెలుసు. హిమవ్వ గురించి అంత ఆలోచించి రాసిందే లేదు. హిమవ్వ జబ్బుపడిన ముసలి మంత్రగత్తె. మొగుడు డ్రాగన్ల కాపరి. పెళ్ళాం మంత్రమేసి వడ్డిస్తే తప్ప విస్తరి ముందు కూర్చోని మనిషి. కథలో వాళ్ళ ముచ్చట అంతవరకే.

"ఆసుపత్రి ఎందుకు బాబాయ్? పిన్నికి ఏటైంది?"

గణపతిరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కేన్సరమ్మా. మందెక్కిస్తన్నారు. జుట్టంతా ఊడిపోనాది. డాక్టర్లు ఏటీ తేల్చి సెప్పరు. పోయిన వారం నీ హిమవ్వ మంచం దిగిందా, ఇదీ నవ్వుకుంటా రెండు ముద్దలు ఎక్కువ తింది. ఇప్పుడు హిమవ్వ పోయిందంటే ఇది దిగులెట్టేసుకుంటాది. దాన్ని బాగుసెయ్యమని నిన్నడగట్నేదు తల్లీ. ఆ ముసిల్దాన్ని బతకనీ, సాలు."

దేవిశ్రీకి ఏడుపొచ్చేసింది. అప్పటికప్పుడు అతని ముందే యాప్‌ ఆఫీసులో దిలీప్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"హిమవ్వని చంపడం లేదండీ."

"అదేంటి మేడమ్! అందరూ పోవాలంటున్నారు. ఇప్పుడంతా డార్కే నడుస్తోంది. ఆవిడ పోయే భాగం రాగానే మీ కథని ముందు పేజీలో పెడదామనుకుంటున్నాం."

"పెట్టకండి. నేను చంపను గాక చంపను."

ఫోన్ పెట్టేసింది. ఆ ముందు పేజీ కోసం ఎంతకాలంగా ఎదురుచూస్తోందో! అయినా ఆమెకి బాధ అనిపించలేదు. గణపతిరావు ఆమె తల మీద చెయ్యి వేసి తీశాడు.

"అది మందుల షాపు కాడ బల్ల మీద కూకుంది. బస్సు టయిమ్ కనుక్కొస్తానని సెప్పి వొచ్చేను. నాను అడిగినట్టు దానికి తెలీకూడదమ్మా" అని చెప్పి, బస్టాండు వైపు గబగబా నడిచాడు.

అతను మలుపు తిరిగాడో లేదో, తలకి చీరకొంగు బిగించి కప్పుకున్న ఒకావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, స్టూలు మీద కూలబడింది.

"మా ఆయనొచ్చేడా?"

దేవిశ్రీ గాజుల పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

"దాపీకమ్మా. బస్సు టయిమ్ కనుక్కోడానికి గాజుల కొట్లోకి ఎవులైనా ఎల్తారేటి? మొగోడికి ఓ అబద్ధమాడ్డం కూడా రాదు" అని నవ్వింది అచ్చియ్యమ్మ. "కథలు రాసే గుంటవి నువ్వేనని సోడా బండోడు నాకూ సెప్పేడు. హిమవ్వని సంపొద్దన్నాడు గదా?"

ఇంక దాచి లాభం లేదనుకుంది దేవిశ్రీ. దాచాలనీ అనిపించలేదు, చేసిన పని అంత గొప్పగా ఉందామెకి. "నువ్వేటీ బెంగెట్టుకోకు పిన్నీ. హిమవ్వ బతుకుతాది. బాబాయికి మాటిచ్చేను."

అచ్చియ్యమ్మ నవ్వు ఆగిపోయింది. వీధి వైపు ఒకసారి చూసి, మొగుడు ఇంకా రావడం లేదని రూఢి చేసుకుని, దేవిశ్రీ చెయ్యి పట్టుకుంది.

"ఆ మాట తప్పీ తల్లీ. హిమవ్వని సంపీ."

"అదేటి పిన్నీ!"

"ఆవిడ పోయిన్నాడు ఆ ముసిలోణ్ణి ఏడవనీ. మర్నాడు మాత్రం లేచి, తనే పొయ్యెలిగించుకుని, అన్నం వొండుకుని కడుపునిండా తిన్నాడని రాయమ్మా. నాను సెప్తంటే సెవులు మూసుకుంటన్నాడు, నీ కథైతే ఇంటాడు."