ఎనభై లోపు

విశ్వాసమ్మ బరువు మిషను ఎక్కగానే, వెనక నిలబడిన శివాని కాలి బొటనవేలు మెల్లగా దాని అంచు మీద ఆనించింది.

అంకె తొంభై దగ్గర ఆగింది.

“పోయిన వారం ఎనభై ఏడే కదా పాపా, పెరిగినాదే,” అంది విశ్వాసమ్మ.

రాత్రి ఏం తిన్నారో గుర్తు తెచ్చుకోండి ఆంటీ అంది శివాని. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

కడపలో ఆ బరువు తగ్గించే సెంటరు శివానిది. పొద్దున్నే ఆరింటికి పాతిక మంది వస్తారు. కాసేపు చేతులూ కాళ్లూ ఆడించి, ఆవిడ కలిపిచ్చే పొడిపాలు తాగి, ఆవిడ చెప్పే దేశాల సంగతులు విని పోతారు. జపాను వాళ్లు కడుపు నిండకముందే లేస్తారట, రైలు స్టేషనుదాకా నడిచే పోతారట, అందుకే బక్కగా ఉంటారట. కువైట్ వాళ్లు అర్ధరాత్రి మాంసం, అన్నం తిని, పక్క వీధికి కూడా కార్లోనే పోతారట. మనవాళ్లు సంగటి తిని చేలో దిగినన్నాళ్లు బాగానే ఉన్నారట, ఇప్పుడు మూడు పూటలా అన్నమే తిని సీరియళ్ల ముందు కూచుంటున్నారట. శివాని ఏ దేశమూ పోలేదు. అన్నీ ఫోన్లో చూసినవే.

విశ్వాసమ్మ మాత్రం పన్నెండేళ్లు కువైట్లో ఇంటిపని చేసి వచ్చిన మనిషి. పోయినప్పుడు యాభై కిలోలు. ఆ ఇంటివాళ్లు తిని లేచాక, పళ్లెంలో మిగిలిన నేతి అన్నం పారేస్తే పాపమని నిలబడే తినేది. తిరిగి వచ్చేసరికి తొంభై ఒకటి.

సెంటరుకు వచ్చిన మొదటి రోజే ఒక మాట చెప్పింది. మూడు నెలల్లో ఎనభై లోపుకు దిగాలి, అంతకు మించి టైము లేదు.

ఎందుకని అడిగితే, “పనుండాది పాపా,” అని ఊరుకుంది.

ఏం పని ఉంటుంది, మళ్లీ కువైట్ పోవడమే, లావు మనిషి వద్దని ఏజెంటు అనుంటాడని అందరూ తేల్చేశారు. అక్కడ తిన్నది చాల్లేదా అని కాంట్రాక్టరు భార్య కృష్ణవేణమ్మ మొహం మీదే అడిగింది. విశ్వాసమ్మ వినపడనట్టు చేతులు ఊపుతూ ఉండిపోయింది.

మొదటి నెలంతా శివాని సరిగ్గానే తూచింది. రెండో నెల మొదట్లో, అంకె తొంభై దగ్గర ఆగిన ఆ రోజు, కాలు పెట్టింది సరదాకే. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు రుచి మరిగి ప్రతి శనివారం పెట్టసాగింది. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు అన్నారు గానీ, చేటు తమకు కానప్పుడు నవ్వు మానేదెవరు? సోమవారం డుమ్మా కొట్టేవాళ్లు కూడా శనివారం ముందే వచ్చి కూర్చునేవాళ్లు.

విశ్వాసమ్మ రాత్రి తిండి మానేసింది. తర్వాత పగటి అన్నం కూడా మానేసి, గ్లాసుడు అంబలితో గడిపింది. ఆటో ఎక్కకుండా నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చేది. ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. అంకె మాత్రం ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు, మళ్లీ ఎనభై ఏడు.

“జాకెట్లు వదులైతాండాయి, ఇదేమో దిగదు,” అంది ఒక శనివారం.

“జాకెట్లు సాగింటాయి ఆంటీ. మిషను అబద్ధం చెప్తాదా?”

ఆమె నమ్మింది. చదువు లేనివాళ్లకు అంకె మీద ఉండే గౌరవం చదువుకున్నవాళ్లకు ఉండదు.

తూకం అయ్యాక బయటికి పోయి ఎవరికో ఫోను చేసేది. ఇంకా దిగలేదు సార్, వచ్చే వారం చూస్తా, రోంత ఆగండి సార్ అని బతిమాలేది. ఏజెంటు కాళ్లు పట్టుకుంటోందని లోపల మళ్లీ నవ్వులు.

మూడో నెల ఆఖరి శనివారం మిషను ఎనభై నాలుగు చూపించింది. ఆమె దిగి, చాలాసేపు దాని వైపే చూసింది. ఆ రోజు ఫోను చేయలేదు. గోడకు ఆనుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. శనివారాలు చప్పబడ్డాయని కృష్ణవేణమ్మ విసుక్కుంది.

పది రోజుల తర్వాత, ఇంకా ఎవరూ రాకముందే వచ్చింది విశ్వాసమ్మ. నలిగిన తెల్లచీర కట్టుకుంది. కళ్లు లోతుకు పోయాయి. శివాని దూరంగా కిటికీ దగ్గర పొడి డబ్బాలు సర్దుతోంది. ఏమీ అడగకుండానే ఆమె పోయి మిషను ఎక్కింది.

డెబ్బై ఎనిమిది.

శివానికి క్షణంలో లెక్క తేలింది. తన వేలి బరువు ఎప్పుడూ ఐదు కిలోలకు తక్కువ లేదు. ఆ ఆఖరి శనివారమే ఈ మనిషి ఎనభై లోపుంది.

“ఇప్పుడు దిగినాది చూడు పాపా,” అంది విశ్వాసమ్మ. “నాలుగు దినాలు మెతుకు ముట్టకుంటే దిగినాది. ఈ పని ముందే చేయాల్సింది. తప్పు నాదే.”

కువైట్ పోతున్నారా అని అడిగింది శివాని.

“కువైట్ యాడిది పాపా,” అంటూ ఆమె మిషను దిగింది. “మొన్న శుక్రవారం ఎర్రగుంట్లలో నా తమ్ముడు గాబ్రియేలును మట్టి చేసినాము. లావుంటే కాలేయానికి కొవ్వు పట్టింటాదంట, అది ఇంగొకరికి పెట్టేకి పనికిరాదంట. నేను ఎనభై లోపు దిగి వస్తే, నా కాలేయంలో సగం కోసి వానికి పెట్టి బతికిస్తామని డాక్టర్లు చెప్పింటిరి.”